కిందక్క గొంతు

ముందు ఆ చప్పుడు వినిపిస్తుంది. చాలా ఎత్తున, ఆకాశంలో ఎవరో తడి దుప్పటి ఉతుకుతున్నట్టు ఠప్పున ఒక దెబ్బ. ఊపిరి తీసుకునేంత నిశ్శబ్దం. మళ్లీ ఠప్పున ఇంకో దెబ్బ.

గాలి బలంగా వీచే రోజుల్లో ఆ పొడవాటి భవనం ఊగుతుంది. దానితో పాటు లోపల లిఫ్టుల ఇనుప తాళ్లూ ఊగుతాయి. ఊగి ఊగి, తాము వేలాడే చీకటి గొయ్యి గోడల్ని కొడతాయి. కింది అంతస్తుల్లో దుకాణాల ముందు బేరాలాడేవాళ్లకు ఆ దెబ్బలు వినిపించవు. వాటి పైన ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకు గానీ, ఆ పైన హోటల్లో కునుకు తీసేవాళ్లకు గానీ, అన్నిటికన్నా పైన మబ్బుల పక్కన కాపురాలు చేసేవాళ్లకు గానీ వినిపించవు. నేల కింద, గొయ్యికి ఆనుకున్న గదిలో కూర్చునే ఒక ఆడమనిషికి మాత్రం వినిపిస్తాయి.

ఆమె ఆ గోడకు వీపు ఆనించదు. కుర్చీని జానెడు ముందుకు జరుపుకుని కూర్చుంటుంది. చెవికి ఫోను, ఎదురుగా వరసగా చిన్న చిన్న దీపాలు. ఒక్కో దీపం ఒక్కో లిఫ్టు. ఏ లిఫ్టులో ఎవరు ఇరుక్కుపోయి బొత్తాం నొక్కినా ఇక్కడ దీపం వెలుగుతుంది. అక్కడ ఆమె గొంతు పలుకుతుంది.

"భయపడకండి. నేనున్నాను. మనవాళ్లు బయల్దేరారు."

అంత పెద్ద భవనంలో ఆమె మొహం తెలిసినవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. గొంతు తెలిసినవాళ్లు వందల్లో ఉన్నారు. చల్లటి కుండలోంచి నీళ్లు వంపినట్టుండే గొంతు. తడబడదు, తొందరపడదు. ఇరుక్కున్నవాళ్లతో ఎలా మాట్లాడాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. తనే కనిపెట్టుకుంది. ఎంతసేపు పడుతుందో చెప్పకూడదు. ఏం పాడైందో చెప్పకూడదు. అడిగితే మాట మార్చాలి. "మీ ఇంటి తలుపు ఏం రంగండీ?" అంటుంది. ఎంత గాభరాలో ఉన్నవాడైనా ఆ ప్రశ్నకు ఒక్క క్షణం ఆగుతాడు. తన గుమ్మం ముందుకు వెళ్లి నిలబడతాడు. ఆమె అతణ్ణి లోపలికి పంపి, కిటికీలు తెరిపించి, పిల్లల పేర్లు చెప్పించి, మంచం మీద కూర్చోబెడుతుంది. ఈలోగా లిఫ్టు కదులుతుంది.

ఒకసారి ఒక కుర్రాడు బయటపడ్డాక ఆ గొంతు గల మనిషిని చూడాలని పూలు పట్టుకుని కిందికి దిగాడట. లావుపాటి నడివయసు మనిషి, ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో, టీలో రొట్టె ముంచుకు తింటూ కనిపించింది. "మేడమ్ లేరా?" అన్నాడు. "ఇప్పుడే వెళ్లిపోయింది బాబూ" అని, పూలు పుచ్చుకుని పంపించేసింది.

నేల కింద కూర్చుంటుంది కాబట్టి భవనంలో పనిచేసేవాళ్లు ఆమెకు కిందక్క అని పేరు పెట్టారు. లిఫ్టులు బాగుచేసే పెద్ద మేస్త్రీ ఆమెకన్నా పదేళ్లు పెద్ద. అతనికీ ఆమె కిందక్కే. "నీ గొంతు సీసాల్లో పోసి అమ్మితే మందుల కొట్లు మూసుకోవాల్సిందే కిందక్కా" అంటాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఆ మందు తనకు పనిచెయ్యదని అతనికి తెలియదు కదా.

ఎందుకంటే ఆ గొంతు సొంతదారు పరమ పిరికిది.

ఈ భవనంలో ఆమె మొదట చేరింది హోటల్లో గదులు శుభ్రం చేసే పనికి. చేరిన రోజే గాలి. స్నానాల గదిలోకి వెళ్లింది. తొట్టె నిండా నీళ్లున్నాయి. ఎవరో దిగి, అప్పుడే లేచి వెళ్లినట్టు ఆ నీళ్లు ఒక పక్కకు వాలుతున్నాయి, మళ్లీ ఇటు వాలుతున్నాయి. గదిలో ఎవరూ లేరు. కుళాయి కట్టేసి ఉంది. ఆమె కాసేపు అర్థంకాక చూసింది. అర్థమయ్యేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఊగుతున్నది నీళ్లు కాదు, తను నిలబడ్డ నేల. చీపురు అక్కడే వదిలేసి, గోడలు తడుముకుంటూ, మెట్ల మీద కూర్చుంటూ లేస్తూ నేలకు దిగింది. "పనికి రమ్మంటే వస్తాను. పైకి మాత్రం రాను" అంది. అప్పట్నుంచి కింద గదే. వీధిలోంచి రెండు వరసల మెట్లు దిగితే ఆమె కొలువు. నెత్తి మీద అంత బరువు నిలబడి ఊగుతోందన్న సంగతి ఒక్కటే ఆమెను వదలదు. రాత్రిళ్లు కలలో తొట్టె కనిపిస్తుంది.

పైన పనిచేసేది ఆమె తోటికోడలు.

భర్త తమ్ముడి భార్య. మనిషి సన్నం, మాట పదును. భవనం చిట్టచివరి అంతస్తుల్లో ఒక ముసలావిడ దగ్గర ఉంటుంది. లేపి కూర్చోబెట్టడం, తినిపించడం, చక్రాల కుర్చీలో కిటికీ దాకా తోసుకెళ్లడం ఆమె పని. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే పొయ్యి మీద వండుకుంటారు, ఒకే భవనానికి పనికొస్తారు. అయినా ఇద్దరూ వేరువేరు బస్సులెక్కుతారు. మాటలు లేవని కాదు, ఉన్నాయి. "ఉప్పు అయిపోయింది." "తాళం కిటికీలో పెట్టాను." అలాంటివి. మధ్యలో కిందక్క భర్త, కుట్టుపని చేసే మనిషి, రెండు వైపులా వాయింపు తినే మద్దెల అయిపోయాడు. "ఏమ్మా, మీ అక్కను ఒక మాట అడగొచ్చు కదా" అంటే, "అడిగితే నిజం చెప్పే మనిషైతే అడిగేదాన్నే బావగారూ" అంటుంది ఆ చిన్న కోడలు, చిన్నది.

అది ఊరికే అన్న మాట కాదు. ఆమె భర్త, కిందక్క మరిది, ఇళ్లకు రంగులు వేసేవాడు. ఒకనాడు నిచ్చెన మీదనుంచి పడ్డాడు. కబురు ముందు కిందక్కకు వచ్చింది. ఆసుపత్రికి పరుగెత్తింది. లోపల డాక్టరు మొహం చూసింది, సంగతి తెలిసిపోయింది. చిన్నదానికి ఫోను చేసింది. కంగారులో రోడ్డు దాటుతూ ఏ బండి కింద పడుతుందో అనుకుంది. అలవాటైన గొంతు దానంతటదే వచ్చేసింది. "ఏం కాలేదు, చిన్న దెబ్బ. నింపాదిగా రా" అంది.

చిన్నది నింపాదిగానే వచ్చింది. స్టవ్ ఆర్పి, ఆరేసిన బట్టలు లోపలేసి, ఆకలేస్తుందేమోనని అతనికి ఒక డబ్బాలో అన్నం సర్దుకుని వచ్చింది. వచ్చేసరికి మొహం మీద దుప్పటి కప్పి ఉంది. డబ్బా ఇంకా వేడిగానే ఉంది.

ఆమె ఏడ్చింది తర్వాత. ముందు కిందక్క వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "నాతో ఆ గొంతుతో మాట్లాడావా?" అంది. అంతే. ఆ రోజు నుంచి ఇంట్లో ఉప్పు గురించీ తాళం గురించీ తప్ప వేరే మాట లేదు.

ఇక ఆ గాలి రోజు సంగతి.

మధ్యాహ్నం. పొద్దుటినుంచీ తాళ్లు గోడల్ని కొడుతూనే ఉన్నాయి. కింద గదిలో కిందక్కతో పాటు కెమెరాలు చూసే ముసలాయన ఉన్నాడు. అందరికీ బాబాయ్. తెర మీద తెరగా భవనమంతా అతని ముందుంటుంది గానీ, సగం రోజు అతని కళ్లు మూతలు పడే ఉంటాయి. ఆ రోజు మాత్రం తెరవైపు వంగి చూస్తూ, "కిందక్కా, ఆ కుర్చీ చూడు, దయ్యం పట్టినట్టు తిరుగుతోంది" అన్నాడు.

పనివాళ్లూ సామాన్లూ వెళ్లే లిఫ్టు లోపలి దృశ్యం. పైనుంచి చూస్తున్నట్టు. ఒక ఖాళీ చక్రాల కుర్చీ ఈ గోడ నుంచి ఆ గోడకు దొర్లుతోంది. ఆగుతోంది. మళ్లీ వెనక్కి దొర్లుతోంది. ఎవరూ తోయడం లేదు. మూల కమ్మీని రెండు చేతులతో పట్టుకుని ఒక ఆడమనిషి. తల మాత్రమే కనిపిస్తోంది. నున్నగా దువ్విన జుట్టు, మధ్యలో సూటి పాపిడి. ఆ పాపిడి కిందక్కకు తెలుసు. రోజూ పొద్దున్నే పొయ్యి దగ్గర వంగినప్పుడు కనిపించేదే. ముసలావిడ కుర్చీని బాగుచేయించడానికి కిందికి తెస్తున్నట్టుంది.

దీపం వెలిగింది.

పనివాళ్ల లిఫ్టులు రెండు. ఒకే గొయ్యిలో పక్కపక్కన నడుస్తాయి. కింద ఎక్కాక, ఆఫీసుల అంతస్తులు దాటేంతవరకు వాటికి ఎక్కడా తలుపులుండవు. ఆ పొడుగునా ఒట్టి గోడే. మేస్త్రీలు దాన్ని గుడ్డి దారి అంటారు. అక్కడ ఆగిన లిఫ్టును బయటినుంచి తెరిచే వీలే లేదు. చిన్నది ఆగింది సరిగ్గా ఆ గుడ్డి దారి నడిమధ్యలో.

కిందక్క ఫోను అందుకుంది. చేతులు చల్లబడ్డాయి. అయినా నోరు తెరవగానే వచ్చింది ఆ గొంతే. ఏళ్ల తరబడి పెరిగిన అలవాటు మనిషికన్నా ముందు పరుగెడుతుంది.

"భయపడకు. ఏం కాలేదు. నింపాదిగా ఉండు."

తెర మీద పాపిడి కదల్లేదు. తర్వాత ఫోనులో ఒక చప్పుడు మొదలైంది. చిన్నది తలుపును కొడుతోంది. ముందు అరచేతులతో, తర్వాత పిడికిళ్లతో. అరవడం లేదు, ఏడవడం లేదు. కొడుతోంది. ఆ దెబ్బలకు లిఫ్టు ఊగి, కుర్చీ వచ్చి ఆమె మోకాళ్లకు తగిలింది.

"అలా కొట్టకు, వినవే, మీ... మీ ఇంటి తలుపు ఏం రంగు..."

"మన ఇంటి తలుపు రంగు నన్నడుగుతున్నావా?" అంది చిన్నది. ఎగశ్వాసలో మాట విరిగిపోతోంది. "ఆ గొంతు వద్దక్కా. ఆ గొంతు విన్నరోజు మా ఆయన పోయాడు. ఈరోజు నేను పోతున్నానా? అదైనా చెప్పు."

వందలమందిని ఊరడించిన మాటలన్నీ ఒక్కసారిగా చెల్లని నాణేలైపోయాయి. పక్కన బాబాయ్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

అప్పుడే మేస్త్రీ లోపలికొచ్చాడు. మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. లిఫ్టు కింద వేలాడే కరెంటు తీగ గాలికి ఊగి, గోడకున్న ఇనుప కొక్కేనికి చుట్టుకుందట. పైకి లాగినా కిందికి దించినా తెగిపోతుంది. తెగితే ఆ విసురుకు ఏం తగులుతుందో, ఏం విరుగుతుందో చెప్పలేం. "పక్క లిఫ్టు తీసుకెళ్లి దాని పక్కన ఆపుతాం. రెండిటికీ పక్క తలుపులున్నాయి. మధ్యలో పలక వేసి ఇటు దాటించాలి. గాలి ఇంకాస్త పెరిగిందా, రెండో లిఫ్టు కూడా దానంతటదే ఆగిపోతుంది. అందుకని తొందరగా కానివ్వాలి. నువ్వు మాట్లాడుతూ ఉండు కిందక్కా. నీ మాయ గొంతుతో చెప్పు" అని వెళ్లిపోయాడు.

కిందక్క ఫోను దగ్గరకు తెచ్చుకుంది. ఏం గొంతుతో మాట్లాడాలో తెలియలేదు.

"తీగ చుట్టుకుంది" అంది. "లిఫ్టు కదిపితే తెగుతుందట. కదపరు. పక్క లిఫ్టులోంచి మేస్త్రీ వస్తున్నాడు. రెండిటి మధ్యా పలక వేస్తాడు. నువ్వు దాని మీద నడిచి దాటాలి."

తలుపు మీద దెబ్బలు ఆగాయి.

"పలక కింద ఏముంటుంది?"

"ఏమీ ఉండదు."

"నేనున్న పెట్టె పడిపోతుందా?"

"పడదని మేస్త్రీ అన్నాడు. నాకు తెలీదు. అతనికి తెలుసనుకుంటున్నా."

"నీకు భయంగా ఉందా?"

"ఉంది."

"ఎంత?"

"ఫోను జారిపోతోంది. రెండు చేతుల్తో పట్టుకున్నా."

కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. అది మెల్లమెల్లగా నిదానించింది. "నీ గొంతు ఇలా ఉంటుందా అసలు?" అంది చిన్నది. "కప్ప బెకబెకలాడినట్టుంది."

బాబాయ్ ఫక్కున నవ్వబోయి, కిందక్క మొహం చూసి, నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

తెర మీద లిఫ్టు పక్క తలుపు తెరుచుకుంది. మేస్త్రీ చెయ్యి కనిపించింది. అతను పిలుస్తున్నాడు. చిన్నది లేచింది, ఒక అడుగు వేసింది, తెరిచిన సందులోంచి కిందికి చూసింది. వెనక్కి వచ్చి మూలలో కూలబడింది. మేస్త్రీ మళ్లీ పిలిచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కుర్చీ చక్రాన్ని పట్టుకుంది. మనిషిని ఎత్తుకుని తీసుకురావడానికి వీల్లేదు. ఆ పలక ఒకసారికి ఒక్కరినే మోస్తుంది.

కాసేపటికి ఫోనులో మేస్త్రీ గొంతు వినిపించింది. "కిందక్కా, మీ చెల్లెలు రానంటోంది. ఫోన్లో మీ అక్కతో చెప్పించనా అంటే, ఆవిడ గొంతును నేను నమ్మను, మనిషిని నా కళ్లముందు నిలబెట్టండి, తనే నిలబడగలిగిన చోటైతే అప్పుడొస్తాను అంటోంది."

గోడ వెనక ఠప్పున దెబ్బ పడింది. అంతకుముందు దెబ్బకన్నా దగ్గరగా.

"తనకు తెలుసు, నేను పైకి రానని" అంది కిందక్క.

"తెలిసే అంటోంది. ఏం చెయ్యమంటావు? ఈ లిఫ్టు కిందికి తీసుకురానా? రాకపోతే చెప్పు, వేరే దారి చూస్తాను. కానీ వేరే దారి లేదు."

కిందక్క తర్వాత చెప్పుకున్న ప్రకారం, ఆ క్షణంలో ఆమె ఆలోచించింది చెల్లెలి గురించి కాదు. తొట్టె గురించి. అటు వాలి, ఇటు వాలే నీళ్ల గురించి. కాళ్లు నేలకు మేకులు కొట్టినట్టు ఉండిపోయాయి. అలా ఎంతసేపుందో ఆమెకు తెలియదు. తెర మీద చిన్నది తలెత్తి కెమెరా వైపు చూసింది. పాపిడి పోయి మొహం కనిపించింది. ఆసుపత్రి వరండాలో డబ్బా పట్టుకుని నిలబడ్డ మొహమే. ఆ రోజు ఆ మొహాన్ని చూడలేక కిందక్క కళ్లు దించుకుంది. ఇప్పుడు దించుకోలేదు.

ఫోను తీసి బాబాయ్ చెవికి తగిలించింది. "మాట్లాడుతూ ఉండు. ఆపకు."

"నేనా? నేనేం మాట్లాడతానే?" అన్నాడు బాబాయ్ బెంబేలెత్తిపోయి. ఆమె తలుపు దాటుతుండగా వెనకనుంచి అతని మాటలు వినిపించాయి. "ఆ... భయపడకమ్మా, నేనున్నాను... ఎవరా? నేను బాబాయ్‌నమ్మా, కెమెరా బాబాయ్... అవును, నిద్రపోయేవాణ్ణే..."

లిఫ్టు పైకి వెళుతున్నంతసేపూ కిందక్క నేల మీద కూర్చుంది. మేస్త్రీ ఆమె నడుముకు ఒక వెడల్పాటి పట్టీ కట్టి, దాని కొసను కమ్మీకి తగిలించాడు. నేల కింద వినిపించే చప్పుడు ఇక్కడ చప్పుడులా లేదు. చర్మం మీద తగులుతోంది. చెవుల్లో గాలి బిగుసుకుంది. "వెనక్కి తిప్పు" అనబోయింది. మాట రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

లిఫ్టు ఆగింది. మేస్త్రీ పక్క తలుపు తెరిచాడు.

చీకటి. ఇంట్లో దీపం ఆర్పితే కమ్ముకునే చీకటి కాదు. లోతున్న చీకటి. కిందినుంచి చల్లటి గాలి ఎగదన్ని ఆమె చీర అంచును లేపింది. మేస్త్రీ దీపం వెలుగులో ఒక తాడు కనిపించింది, మనిషి మణికట్టంత లావు. సోమరిగా అటు వెళ్లింది, కనిపించకుండా పోయింది, ఠప్పున కొట్టుకుని తిరిగొచ్చింది. ఇన్నేళ్లుగా తన వీపు వెనక వినిపించినదాన్ని ఆమె మొదటిసారి కళ్లతో చూసింది. మధ్యలో పలక. ఒక అంగకన్నా కాస్త ఎక్కువ. రెండు పక్కలా పట్టుకోవడానికి గొలుసులు. రెండు లిఫ్టులూ ఒకేలా ఊగడం లేదు. ఇది అటు వెళితే అది ఇటు వస్తోంది. మధ్యలో పలక కిర్రుమంటోంది.

అవతల చదరపు వెలుగులో చిన్నది.

కిందక్క కళ్లు గట్టిగా మూసుకుంది.

"నువ్వే కళ్లు మూసుకుంటే నేనెవర్ని చూసి రావాలి?" అంది చిన్నది అవతలినుంచి.

కిందక్క కళ్లు తెరిచింది. ఏదో చెప్పాలి. చెప్పడానికి ఒకే ఒక్కటి ఉంది. "నిలబడలేకపోతున్నానే. కాళ్లు వణుకుతున్నాయి. త్వరగా వచ్చెయ్, నేను పడిపోతానేమో."

"ఈ కుర్చీ?"

"తగలెయ్యి కుర్చీని."

"నీకేం, అంటావు. పైన పెద్దమ్మగారు ముందు కుర్చీ సంగతి అడిగి, తర్వాత నా సంగతి అడుగుతారు" అంటూనే చిన్నది పలక మీద కాలు పెట్టింది. గొలుసులు పట్టుకుంది. ఒక అడుగు. లిఫ్టులు దూరం జరిగాయి. పలక కిర్రుమంది. రెండో అడుగు వేస్తుండగా తాడు తిరిగొచ్చి, ఆమె తల వెనక గోడను కొట్టింది. దీపం ఊగింది. ఆమె గొలుసులు వదిలేసి, చెవులు మూసుకుని, పలక నడిమధ్యన గొంతుకూర్చుండిపోయింది.

"లేమ్మా, లే, లే" అంటున్నాడు మేస్త్రీ. ఆమెకు వినిపించడం లేదు. మనిషి నెమ్మదిగా ఒక పక్కకు వాలుతోంది. తొట్టెలో నీళ్లలాగే.

కిందక్క బోర్లా పడుకుంది. ఎలా పడుకుందో తెలియదు. రొమ్ము దాకా గుమ్మం దాటి, చీకటి మీదికి సాగి, చెయ్యి చాచింది. "పట్టుకో. పట్టుకోవే. అబద్ధం కాదు, ఇది నా చెయ్యి."

చిన్నది కళ్లు మూసుకునే ముందుకు దూకింది. చేతికి ఏది దొరికితే అది పట్టుకుంది. దొరికింది కిందక్క జడ. రెండు చేతులా పట్టుకుని వేలాడినంత పని చేసింది. కిందక్క కళ్లల్లో నీళ్లు చిమ్మాయి, కిక్కురుమనలేదు. చెల్లెలి భుజాల కింద చేతులు వేసి వెనక్కి జరిగింది. వెనకనుంచి మేస్త్రీ పట్టీ పట్టుకుని లాగాడు. ముగ్గురూ ఒకరి మీద ఒకరు లోపలికి పడ్డారు. అవతల తెరిచిన తలుపులోంచి చక్రాల కుర్చీ నింపాదిగా పలక దాకా దొర్లుకొచ్చి, ఆగి, వెనక్కి వెళ్లిపోయింది.

మేస్త్రీ తలుపు మూశాడు. చెమట తుడుచుకుంటూ, "తోటికోడళ్లు జుట్లు పట్టుకుంటారని వినడమే గానీ, ఇంత ఎత్తుకొచ్చి పట్టుకుంటారని తెలీదు" అన్నాడు.

చిన్నది నవ్వలేదు. జడ ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. దిగుతున్న లిఫ్టులో, కిందక్క మొహం చూడకుండా అంది: "ఆ రోజు కూడా ఇలాగే, కప్ప గొంతుతో చెప్పి ఉంటే, పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని. ఒక్క మాటైనా మాట్లాడేదాన్ని ఆయనతో."

కిందక్క తల వంచి, జడను ఆమె గుప్పిట్లోనే ఉండనిచ్చింది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సెక్కారు. పక్కపక్కన కూర్చున్నారు. ఇంట్లో కుట్టుమిషను ముందున్న ఆయన, ఇద్దరూ కలిసి గుమ్మంలోకి రావడం చూసి, ఎవరు పోయారోనని లేచి నిలబడ్డాడట.

కిందక్క ఇప్పటికీ ఆ కింద గదిలోనే కూర్చుంటుంది. పైకి మళ్లీ వెళ్లలేదు, వెళ్లనంటుంది. ఒక్కసారి దాటినంత మాత్రాన పిరికితనం పోతుందనుకోవడం సినిమాల్లో మాట అంటుంది. ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడే తీరు మాత్రం కొంచెం మారింది. ఏమైందని ఎవరైనా అడిగితే, తనకు తెలిసినంతలో ఉన్నది చెబుతుంది. తెలియకపోతే తెలియదంటుంది. "మన కిందక్క నిజాలు మొదలెట్టింది, జనం మెట్లెక్కడం నేర్చుకుంటున్నారు" అని మేస్త్రీ వేళాకోళమాడతాడు. కొందరు ఆ నిజానికి బెదిరిపోతారు కూడా. అలాంటప్పుడు ఆమెకూ వాళ్లతో పాటు చేతులు చల్లబడతాయి. రెండు చేతులా ఫోను పట్టుకుని, వాళ్లు బయటపడేదాకా వదలదు.

చిన్నది పైనే పనిచేస్తోంది. అదే లిఫ్టులో వెళుతుంది, వేరే దారి లేదు గనక. ఎక్కేముందు గాలి ఎలా ఉందో కిందక్కను అడుగుతుంది. కిందక్క గోడకు చెవి ఆనించి విని, ఉన్నదున్నట్టు చెబుతుంది. కొన్ని రోజులు "ఈపూట ఆగు" అంటుంది. చిన్నది ఆగుతుంది. ముసలావిడ చివాట్లు తింటుంది. ఇంట్లో ఇప్పుడు ఉప్పూ తాళమూ కాక ఇంకొన్ని మాటలు కూడా వినిపిస్తున్నాయి. అయితే మరిది గురించి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తరు. వంట చేస్తూ చేస్తూ, డబ్బాల అర దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ మాట ఆగిపోతుంది.

ఇదంతా విని రాసుకుంటున్న మనిషి లేచేముందు ఒక్కటి అడగక తప్పలేదు. ఆ ఫోను మాటను చిన్నది క్షమించిందా?

కిందక్క కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. చల్లటి కుండ జాడే లేని బొంగురు గొంతుతో అంది:

"అడగలేదండీ. అడగాలంటే ఇంకా భయంగానే ఉంది."